ఉత్తమ సమాధానం గుర్తు ఎవరి చేతిలో ఉండాలి, దానికి ఎంత విలువ ఇవ్వాలి?

నీలిసిరా

అందరికీ నమస్కారం. మేము కొందరం కలిసి సాంకేతిక విషయాల కోసం ఒక ప్రశ్నోత్తరాల వెబ్‌సైటును సిద్ధం చేస్తున్నాము. ప్రశ్న అడగడం, సమాధానం రాయడం, ఓటు వేయడం వంటి వాటి నియమాలు ఒక కొలిక్కి వచ్చాయి కానీ, ఉత్తమ సమాధానాన్ని గుర్తించే పద్ధతి దగ్గర మాత్రం మా మధ్య మాట కలవడం లేదు. ప్రశ్న అడిగిన వ్యక్తి ఏదో ఒక సమాధానం పక్కన పచ్చ టిక్కు పెట్టే వీలుండాలన్నంత వరకు అందరం ఒప్పుకున్నాము. టిక్కు పడిన సమాధానం ఓట్లతో నిమిత్తం లేకుండా అన్నిటికంటే పైన ఉండాలా, అడిగిన వ్యక్తి టిక్కు పెట్టకుండా వెళ్ళిపోతే మోడరేటర్లు ఆ పని చేయవచ్చా, తప్పు సమాధానానికి టిక్కు పడితే దాన్ని ఎవరు తీయాలి అన్న దగ్గర చర్చ ఆగిపోయింది.

నా మొగ్గు మోడరేటర్ల వైపే ఉంది. ప్రశ్న అడిగి మళ్ళీ ఆ ఛాయలకు రానివారు ఎక్కువగా ఉంటారు కాబట్టి, కొంత గడువు తర్వాత మోడరేటరు చదివి చూసి మంచి సమాధానానికి టిక్కు పెడితే తర్వాత వచ్చే పాఠకుడికి మేలు జరుగుతుందని నా ఆలోచన. అనుభవం ఉన్నవారు మీ అభిప్రాయం చెప్పగలరు.

మూలాక్షరం

నీలిసిరా గారూ, ఈ చిక్కుముడి పాతదే కనుక, ఎవరెవరు దీన్ని ఎలా విప్పారో ముందు చూడడం మంచిది.

2008లో మొదలైన, ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోలో టిక్కు పెట్టే హక్కు ప్రశ్న అడిగిన వ్యక్తికి తప్ప మరెవరికీ లేదు. మోడరేటర్లకు కూడా లేదు. టిక్కు పడితే సమాధానం రాసినవారికి 15 పాయింట్లు, పెట్టినవారికి 2 పాయింట్లు వస్తాయి. ఒక్కో అనుకూల ఓటుకు 10 పాయింట్లు వస్తాయి కాబట్టి, అక్కడ టిక్కు విలువ ఒకటిన్నర ఓటుతో సమానమన్నమాట. అయితే కనిపించే తీరులో మాత్రం చాలాకాలం దాని విలువ అంతకు ఎన్నో రెట్లు ఉండేది, ఎందుకంటే టిక్కు పడిన సమాధానానికి మూడు ఓట్లే ఉన్నా, దాని కింద మూడు వందల ఓట్ల సమాధానం ఉన్నా, మూడు ఓట్లదే పైన కూర్చునేది. 2021 ఆగస్టులో ఆ పద్ధతికి స్వస్తి పలికి, టిక్కు ఉన్నా లేకపోయినా ఓట్ల వరుసనే పాటించడం మొదలుపెట్టారు.

2005 నుంచి 2021 మే వరకు నడిచిన యాహూ ఆన్సర్స్‌లో మరో దారి ఉండేది. అడిగిన వ్యక్తి ఉత్తమ సమాధానాన్ని ఎంచుకోకుండా వదిలేస్తే ఆ నిర్ణయం ఇతర సభ్యుల ఓటింగుకు వెళ్ళేది. కోరాలో అయితే అసలు టిక్కే లేదు. ఓట్లూ, ఆ సైటు సొంత లెక్కలూ కలిపి వరుసను నిర్ణయిస్తాయి. ఇలా మూడు పెద్ద సైట్లు మూడు దారులు పట్టాయంటే, అందరికీ సరిపోయే జవాబు ఒకటి ఉందనుకోవడం కష్టమే.

వడ్రంగిపిట్ట

నేను ఎక్కువగా సమాధానాలు రాసే వైపు ఉంటాను. టిక్కు ఎలా దారి తప్పుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను. ఇది ప్రోగ్రామింగ్ సైట్లలో తరచుగా కనిపించే రకం.

విండోస్ కంప్యూటరులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఒక టెక్స్ట్ ఫైలును తెరుస్తుంటే, ఫలానా బైటును డీకోడ్ చేయలేకపోతున్నానంటూ, అంటే అక్షరంగా మార్చలేకపోతున్నానంటూ ఎర్రర్ వస్తోందని ఒకరు అడుగుతారు. ఆ ఫైలు యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో, అంటే అక్షరాలను బైట్లుగా నిల్వ చేసే ఒక పద్ధతిలో ఉంది, అందులో వంపు తిరిగిన కొటేషన్ గుర్తులు ఉన్నాయి. ముగింపు కొటేషన్ గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లుగా నిల్వ అవుతుంది, వాటిలో చివరిది, హెక్సాడెసిమల్ లెక్కలో, 9డీ. ఎన్‌కోడింగ్ ఏమిటో మనం చెప్పకపోతే పైథాన్ ఆ కంప్యూటరు డిఫాల్టును తీసుకుంటుంది, విండోస్‌లో అది చాలాసార్లు 1252 అనే పాత పట్టిక అవుతుంది. ఆ పట్టికలో అయిదు బైట్లకు ఏ అక్షరమూ కేటాయించలేదు, 9డీ ఆ అయిదింటిలో ఒకటి. ఎర్రర్ పుట్టింది అక్కడ.

ఈ ప్రశ్నకు రెండు నిమిషాల్లో ఒక సమాధానం వస్తుంది: ఫైలును తెరిచేటప్పుడు ఎర్రర్లను ఇగ్నోర్ చేయమని ఒక ముక్క చేర్చండి, సరిపోతుంది. అడిగినవారు ఆ ముక్క చేర్చి చూస్తారు, ఎర్రర్ మాయమవుతుంది, ధన్యవాదాలు చెప్పి టిక్కు పెట్టేస్తారు. నిజానికి జరిగిందేమిటంటే, పైథాన్ ఆ ఒక్క బైటును పారేసి, మిగిలిన రెండు బైట్లను పొంతన లేని రెండు గుర్తులుగా చదివింది. ప్రోగ్రాము ఆగకుండా నడుస్తోంది కానీ ముగింపు కొటేషన్ ఉన్న ప్రతిచోటా డేటా చెడిపోయింది. ఆ డేటాను మళ్ళీ ఫైలులోకి రాస్తే పోయిన బైటు ఇక తిరిగి రాదు. మర్నాడు ఇంకొకరు తీరిగ్గా వచ్చి, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని చెప్పి తెరవాలని, అలా ఎందుకు చెప్పాలో కూడా వివరించి రాస్తారు. అప్పటికి టిక్కు పడిపోయింది, అడిగినవారు వెళ్ళిపోయారు.

టిక్కు పడిన సమాధానం పైనే ఉండాలన్న నియమం ఉంటే, అదే ఎర్రరుతో ఆ పేజీకి చేరిన ప్రతి ఒక్కరూ ముందుగా డేటాను పాడుచేసే పద్ధతినే నేర్చుకుంటారు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు, వద్దు అని.

తొలకరి

నేను ప్రశ్నలు అడిగే వైపు నుంచి మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ రాసినవారందరూ జవాబులు తెలిసినవారే.

ఒక విషయం తెలియకనే ప్రశ్న అడుగుతాము. అలాంటప్పుడు వచ్చిన నాలుగు సమాధానాల్లో ఏది ఉత్తమమో తేల్చమని, ఆ నలుగురికంటే తక్కువ తెలిసిన వ్యక్తినే న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టడం ఏమి న్యాయం? వడ్రంగిపిట్ట గారి ఉదాహరణలో అడిగిన వ్యక్తి చేసిన పొరపాటు నాకేమీ కనిపించలేదు. ఎర్రర్ పోవాలని అడిగారు, ఎర్రర్ పోయింది, టిక్కు పెట్టారు. డేటా లోపల్లోపల చెడిపోతోందని తెలిసే పాండిత్యం ఉంటే ఆ ప్రశ్నే అడిగి ఉండరు కదా.

కొసమెరుపు

తొలకరి గారు సూటిగా అడిగారు. నేను దాన్ని చివరిదాకా లాగుతాను: తీర్పు చెప్పే అర్హత లేని వ్యక్తి చేతికి తీర్పు ఇవ్వడమే ఈ పద్ధతి అయితే, ఆ టిక్కును పూర్తిగా తీసిపారేస్తే సరిపోతుంది. కోరా లేకుండానే నడుస్తోంది. ఓట్లు వందమంది వేస్తారు, టిక్కు ఒక్కరు పెడతారు. ఆ ఒక్కరికి విషయం తెలియదని మనమే అంటున్నాము. ఇంకా దాన్ని పట్టుకుని వేలాడడం దేనికి?

బావిగిలక

కొసమెరుపు గారూ, అక్కడే నేను మీతో విభేదిస్తాను. ఒక ప్రశ్నోత్తరాల సైటులో మోడరేటరుగా పని చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, టిక్కు తీసేస్తే మరెక్కడా దొరకని ఒక సమాచారం పోతుంది.

ఓటు వేసేవారిలో ఎక్కువమంది సమాధానాన్ని చదివి, బాగుందనిపించి ఓటు వేస్తారు. తమ దగ్గర చేసి చూసినవారు ఎందరో మనకు తెలిసే అవకాశం లేదు. ప్రశ్న అడిగిన వ్యక్తి దగ్గర మాత్రం ఆ పాడైన ప్రోగ్రాము ఉంటుంది, మొరాయించిన ప్రింటరు ఉంటుంది, తెరుచుకోని ఫైలు ఉంటుంది. సమాధానంలో చెప్పినది చేసి చూసి, అది పని చేసిందో లేదో చెప్పగలిగింది ఆ ఒక్కరే. పండితుడు కాకపోయినా ప్రత్యక్ష సాక్షి. తొలకరి గారు న్యాయనిర్ణేత అన్నారు, అక్కడే పొరపడుతున్నాము; సాక్షిని తీసుకెళ్ళి న్యాయపీఠం మీద కూర్చోబెట్టడం వల్ల వచ్చిన గొడవ ఇదంతా. స్టాక్ ఓవర్‌ఫ్లో సహాయ పుటలు కూడా టిక్కుకు అర్థం ఇదే చెబుతాయి: అది అన్నిటిలోకి మేలైన సమాధానమని కాదు, అడిగిన వ్యక్తికి పనికొచ్చిందని మాత్రమే.

మరో సంగతి. సమాధానాలు రాసేవారు ఇంకా తేలని ప్రశ్నలను వెతుక్కుంటూ వస్తారు. ఏ ప్రశ్న తేలిందో, ఏది తేలలేదో చెప్పే గుర్తు లేకపోతే, ఎప్పుడో పరిష్కారమైపోయిన సమస్యకు పదిమంది మళ్ళీ మళ్ళీ అదే రాస్తూ ఉంటారు. ఆ పని ఓట్లతో జరగదు.

కొసమెరుపు

సాక్ష్యం అన్న మాటకు ఒప్పుకుంటాను, కానీ అది అన్ని ప్రశ్నలకూ వర్తించదు. ఎర్రర్ పోయిందా లేదా అన్నదానికి సాక్షి ఉంటాడు. ఫలానా పనికి ఏ ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవాలి, ఫలానా డిజైను మంచిదా కాదా అని అడిగితే దేనికి సాక్ష్యం చెబుతాడు? అక్కడ టిక్కు పెట్టడమంటే, నాకు ముందే ఉన్న అభిప్రాయాన్ని మెచ్చుకున్నవారు వీరే అని ప్రకటించడం తప్ప మరేమీ కాదు.

బావిగిలక

ఒప్పుకుంటున్నాను. అటువంటి ప్రశ్నలకు టిక్కు సదుపాయమే లేకుండా చేయవచ్చు. ప్రోగ్రామర్లు తమ ప్రాజెక్టులు ఉంచే గిట్‌హబ్‌కు చెందిన చర్చా వేదిక గిట్‌హబ్ డిస్కషన్స్‌లో ఇలాగే ఉంది. ప్రశ్నోత్తరాల విభాగంగా పెట్టిన దానిలోనే సమాధానాన్ని గుర్తించే వీలుంటుంది, ఆలోచనలు పంచుకునే విభాగాల్లో ఉండదు.

నీలిసిరా

చర్చ మంచి దారిలో సాగుతోంది, అందరికీ ధన్యవాదాలు. అభిప్రాయాలు అడిగే ప్రశ్నలను మా సైటు ఎలాగూ అనుమతించదు కాబట్టి ఆ భాగాన్ని పక్కన పెడదాము. మోడరేటర్ల విషయం మాత్రం ఇంకా తేలలేదు. బావిగిలక గారు సాక్షి అన్నారు, బాగుంది. సాక్షి టిక్కు పెట్టకుండా మాయమైతే ఏమి చేయాలి? ప్రాజెక్టును నిర్వహించేవారికి సమాధానాన్ని గుర్తించే అధికారం గిట్‌హబ్ డిస్కషన్స్‌లో ఉంది, డిస్‌కోర్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే చాలా చర్చా వేదికల్లో సిబ్బందికి కూడా ఉంది. అక్కడ ఎవరూ దాన్ని తప్పుపట్టడం లేదే.

బావిగిలక

అక్కడ తప్పుపట్టనవసరం లేదు, ఎందుకంటే ఆ వేదికలు సాధారణంగా ఒకే ప్రాజెక్టు చుట్టూ, ఒకే ఉత్పత్తి చుట్టూ తిరుగుతాయి. ఒక కోడ్ లైబ్రరీని స్వయంగా రాసినవారు, ఫలానా సమాధానం సరైనదేనని చెబితే ఆ మాటకు బరువుంటుంది. మీరు పెట్టబోయే సైటులో మోడరేటర్లు వేరు. మా పని దూషణలను తొలగించడం, ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగితే కలపడం, ప్రచారపు రాతలను ఏరివేయడం. నెట్‌వర్కింగ్ ప్రశ్నకు వచ్చిన సమాధానం సరైనదో కాదో తేల్చగల పరిజ్ఞానం నాకు లేదు, ఉండాలన్న నియమమూ లేదు. అలాంటప్పుడు నేను పెట్టిన టిక్కుకు అడిగినవారి సాక్ష్యమూ ఉండదు, నిపుణుల తీర్పూ ఉండదు. చదివేవారు మాత్రం దాన్ని ఆ రెండింటిలో ఏదో ఒకటనే అనుకుంటారు.

పైగా, మోడరేటరు టిక్కు పెట్టడం మొదలుపెడితే, నా సమాధానానికి ఎందుకు పెట్టలేదంటూ వచ్చే ఫిర్యాదులకు అంతుండదు. ఆ తలనొప్పిని కోరి తెచ్చుకోకండి. టిక్కు లేని ప్రశ్నను టిక్కు లేకుండానే ఉండనివ్వండి. అయిదారు ఓట్లు వచ్చిన సమాధానం ఉంటే, దాన్ని సమాధానం దొరికిన ప్రశ్నగా లెక్క వేసుకుని తేలని ప్రశ్నల జాబితా నుంచి తప్పించండి, సరిపోతుంది.

వడ్రంగిపిట్ట

తప్పు సమాధానానికి పడిన టిక్కును ఎవరు తీయాలన్న ప్రశ్నలో ఎవరూ గమనించని ఒక ఇబ్బంది ఉంది. స్టాక్ ఓవర్‌ఫ్లోలో టిక్కు పడిన తన సమాధానాన్ని రాసినవారే తొలగించలేరు. నాలుగేళ్ళ తర్వాత, తాను రాసినది సరికాదని స్వయంగా తెలుసుకున్నా, దాన్ని తీసేసే దారి ఉండదు. అడిగినవారు టిక్కును ఎప్పుడైనా వేరే సమాధానానికి మార్చగలరు కానీ, వారు సైటుకు రావడం మానేసి ఉంటారు. ఇక మిగిలింది సమాధానాన్ని సరిదిద్దుకోవడం. ఎడిట్ చేసినా టిక్కు అలాగే ఉంటుంది కాబట్టి, మొదటి వాక్యంలోనే ఇది పాతబడిందని చెప్పి, కింద ఉన్న ఫలానా సమాధానం మేలని లింకు ఇవ్వవచ్చు. పెద్ద మనసున్న కొందరు అలా చేస్తారు, అది చూసినప్పుడు వారి మీద గౌరవం కలుగుతుంది. చేయనివారే ఎక్కువ.

తొలగించనివ్వకపోవడానికి కారణం లేకపోలేదు. ఒకరికి పనికొచ్చిందని రుజువైన సమాధానాన్ని, రాసినవారు అలిగో, ఎవరితోనో గొడవపడో తీసేస్తే నష్టం పాఠకులకే. అయినా దానికి ఒక సడలింపు ఉండాలని నేనంటాను. తన సమాధానం మీద పడిన టిక్కును వదులుకునే హక్కు రాసినవారికి ఇవ్వండి. సమాధానం ఉంటుంది, ఓట్లు ఉంటాయి, టిక్కు మాత్రం పోతుంది, దానితో వచ్చిన పాయింట్లూ పోతాయి. పాయింట్లు పోతాయని తెలిసి కూడా టిక్కును వదులుకునేవారు దుర్బుద్ధితో ఆ పని చేయరు.

దారిన_పోయే_చదువరి

నేను ప్రశ్నలు అడగను, సమాధానాలూ రాయను. సెర్చ్ ఇంజన్ తీసుకొచ్చి దించిన పేజీని చదివి వెళ్ళిపోయే రకాన్ని. ఈ సైట్లకు వచ్చేవారిలో నాలాంటివారే అధికం కాబట్టి మా గోడు కూడా వినండి.

సెర్చ్ ఇంజన్లకు టిక్కు సంగతి తెలుస్తుందని మరిచిపోకండి. పేజీలో ఏముందో సెర్చ్ ఇంజన్లకు తెలిపే పద్ధతులను స్కీమా డాట్ ఆర్గ్ నిర్ణయిస్తుంది, ప్రశ్నోత్తరాల పేజీలకు కూడా అది నిర్ణయించిన ఒక ప్రామాణిక వర్ణన ఉంది. అందులో ఆమోదం పొందిన సమాధానానికి ఒక గడి, సూచించిన ఇతర సమాధానాలకు మరొక గడి విడివిడిగా ఉంటాయి. మీ సైటు ఆ వర్ణనను వాడితే, మీరు పెట్టిన టిక్కు మీ పేజీ దాటి బయటకు వెళుతుంది. బయటికి వెళ్ళిన తర్వాత, అది అడిగినవారికి పనికొచ్చిందని మాత్రమే అర్థమని వివరించే వాక్యం దాని వెంట వెళ్ళదు.

ఇక కాలం సంగతి. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో డేటాబేసుతో మాట్లాడడానికి వాడిన పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2013లో వచ్చిన 5.5 వెర్షన్‌లోనే వద్దన్నారు, 2015లో వచ్చిన 7వ వెర్షన్‌లో పూర్తిగా తీసేశారు. అంతకు ముందు రాసిన ఎన్నో సమాధానాలు ఆ ఫంక్షన్లతోనే ఉన్నాయి. అవి రాసిన నాటికి తప్పు కావు. అడిగినవారికి నిజంగానే పని చేశాయి, వారు నిజాయితీగానే టిక్కు పెట్టారు. బావిగిలక గారి మాటలో చెప్పాలంటే ఆ సాక్ష్యం ఇప్పటికీ అబద్ధం కాదు, ఇప్పటి కేసుకు మాత్రం పనికిరాదు. పైథాన్ 2కు 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. దాని కోసం రాసిన సమాధానాల్లో బ్రాకెట్లు లేకుండా రాసిన ప్రింట్ అనే మామూలు ఆదేశం కూడా పైథాన్ 3లో ఎర్రర్ ఇస్తుంది. టిక్కు పక్కన తేదీ లేకపోతే నాలాంటివారు అది నిన్న పెట్టినదో, పదేళ్ళ కిందట పెట్టినదో ఎలా తెలుసుకోగలరు? సమాధానం రాసిన తేదీ ఉంటుందంటారేమో, అది మూలన సన్న అక్షరాల్లో ఉంటుంది. టిక్కు మాత్రం బారెడు దూరం నుంచి పచ్చగా కనిపిస్తుంది.

మూలాక్షరం

దారిన పోయే చదువరి గారి మాట నిజం. పాతబడిన సమాధానాల ఇబ్బందిని స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా గుర్తించింది. టిక్కు పడిన దాన్ని పైనుంచి తప్పించడం కూడా ఆ ప్రయత్నంలో భాగంగా జరిగిన పనే. తర్వాత, ఇటీవలి ఓట్లకు ఎక్కువ విలువ ఇచ్చే ఒక వరుసను కూడా ప్రవేశపెట్టారు, ఎందుకంటే ఓట్లు కూడా పాతబడతాయి. పదేళ్ళుగా పోగుపడిన ఓట్లను నిన్న వచ్చిన మంచి సమాధానం ఎప్పటికి అందుకోవాలి?

అయితే ఓట్ల వరుస టిక్కు వరుసకంటే ఎప్పుడూ మెరుగని కూడా అనుకోకండి. ముందుగా వచ్చిన సమాధానాన్ని ఎక్కువమంది చూస్తారు, చూసినవారు ఓటు వేస్తారు, ఓట్లు వచ్చిన దాన్ని ఇంకా ఎక్కువమంది చూస్తారు. త్వరపడి రాసిన రెండు వరుసలు, ఓపికగా రాసిన రెండు పేజీలను ఈ విధంగా వెనక్కి నెట్టేస్తాయి. రెండింటికీ రోగాలున్నాయి కానీ, ఒకదాని రోగం మరోదానికి అంటకుండా చూసుకోవచ్చు. టిక్కును, ఓట్లను పక్కపక్కన చూపించండి, ఒకదాన్ని రెండోదాని మీద పెత్తనం చేయనివ్వకండి. టిక్కు పడిన దానికంటే రెట్టింపుకు మించి ఓట్లు తెచ్చుకున్న సమాధానానికి స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రత్యేకంగా ఒక బంగారు బ్యాడ్జీ ఇస్తుంది. టిక్కు పడిన దానికి కూడా పదికి మించి ఓట్లు ఉండాలన్నది షరతు. అడిగినవారి మాట, చదివినవారి మాట వేర్వేరుగా ఉండడం సహజమేనని ఒప్పుకున్నట్టే కదా.

కొసమెరుపు

పాయింట్ల ఊసు వచ్చింది కాబట్టి నా అక్కసు కూడా చెప్పుకుంటాను. టిక్కుకు పాయింట్లు పెట్టిన రోజునే అడుక్కోవడం మొదలవుతుంది. సమాధానం రాసిన మరుక్షణమే, మీకు ఇది ఉపయోగపడితే దయచేసి పచ్చ టిక్కు నొక్కండి అని కింద వ్యాఖ్య. స్పందన లేకపోతే సాయంత్రం మరోటి. కొత్తగా వచ్చినవారు మొహమాటానికి నొక్కేస్తారు. వడ్రంగిపిట్ట గారు చెప్పిన ఇగ్నోర్ సమాధానానికి టిక్కు పడడానికి తెలియకపోవడం ఒక్కటే కారణం కాదు, ఈ తొందరపెట్టడం కూడా కారణమే.

అడిగినవారి మీద ఒత్తిడి పెంచే మరో ఏర్పాటు కూడా ఒకప్పుడు ఉండేది. అడిగిన ప్రశ్నల్లో ఎన్నింటికి టిక్కు పెట్టారో శాతం లెక్కన వారి పేరు పక్కనే చూపించేవారు. శాతం తక్కువగా ఉన్నవారిని, ముందు మీ పాత ప్రశ్నలకు టిక్కులు పెట్టి రండి, తర్వాత సమాధానం చెబుతాము అని గద్దించేవారు. స్టాక్ ఓవర్‌ఫ్లో తర్వాత దాన్ని తీసేసింది, మంచి పని చేసింది. మీరు మాత్రం దాన్ని కొత్త ఆలోచన అనుకుని మళ్ళీ తవ్వి తీయకండి.

తొలకరి

కొసమెరుపు గారు చెప్పిన మొహమాటం నాకు బాగా తెలుసు. అందుకే నేరుగా అడుగుతున్నాను: టిక్కు ఎప్పుడు పెట్టాలి? రెండు సమాధానాలూ పని చేస్తే ఏమి చేయాలి? ఎవరి సమాధానమూ పూర్తిగా పని చేయకపోయినా, వారిచ్చిన ఆధారంతో నేనే పరిష్కారం కనుక్కుంటే టిక్కు ఎవరికి ఇవ్వాలి?

బావిగిలక

చేసి చూడకుండా పెట్టవద్దు. ముఖ్యమైనది అదొక్కటే. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్న అడిగిన తర్వాత మొదటి పదిహేను నిమిషాలు టిక్కు పెట్టనివ్వరు, అంతకంటే ఎక్కువ ఆగినా నష్టమేమీ లేదు. వేరే ప్రాంతాల్లో ఉన్నవారు నిద్ర లేచి మీ ప్రశ్న చూసేదాకా, అంటే ఒక రోజైనా ఆగడం మంచిదని నా సలహా. టిక్కు పడగానే, ఇక తేలిపోయిందనుకుని చాలామంది ఆ ప్రశ్న వైపు చూడరు.

రెండూ పని చేస్తే, ఎందుకు పని చేస్తుందో వివరించిన దానికి పెట్టండి, రెండోదానికి ఓటు వేయండి. వివరణ ఉన్న సమాధానంలో తప్పు ఉంటే చదివినవారు పట్టుకోగలరు. ఇగ్నోర్ అని ఒక ముక్క ఇచ్చి ఊరుకున్న దానిలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అడిగిన వ్యక్తికి విషయం తెలియకపోయినా, వివరణ ఉందా లేదా అన్నది మాత్రం తెలుస్తుంది కదా.

మూలాక్షరం

తొలకరి గారి మూడో ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. సొంతంగా పరిష్కారం దొరికితే దాన్ని మీ సమాధానంగా మీరే రాసి, దానికే టిక్కు పెట్టుకోవచ్చు. స్టాక్ ఓవర్‌ఫ్లోలో అందుకు రెండు రోజులు ఆగాలి, పాయింట్లు రావు, వేరొకరి ఆధారంతో కనుక్కుని ఉంటే ఆ సంగతి రాయడం మర్యాద. దీనికి సంబంధించిన ఒక పాత జాగ్రత్త నీలిసిరా గారికి పనికొస్తుంది: టిక్కు పడిన సమాధానాన్ని పైన నిలబెట్టిన రోజుల్లో కూడా, తన సమాధానానికి తానే పెట్టుకున్న టిక్కుకు ఆ అవకాశం ఇచ్చేవారు కాదు.

బహుమతి పాయింట్ల పద్ధతిని, అంటే బౌంటీని, టిక్కుతో కలపకండి. అక్కడ 50 నుంచి 500 పాయింట్ల దాకా సొంత ఖాతా నుంచి పెట్టి వారం రోజుల గడువుతో సమాధానాలు కోరవచ్చు. అడిగినవారే కాదు, అదే సమస్య ఉన్న మరెవరైనా పెట్టవచ్చు, పెట్టినవారు ఇష్టమైన సమాధానానికి ఇవ్వవచ్చు. దాని వల్ల ఒక సౌకర్యం ఉంది. టిక్కు తప్పు చోట పడిందనిపించినప్పుడు, ఆ టిక్కు జోలికి వెళ్ళకుండానే మంచి సమాధానానికి గుర్తింపు తేవచ్చు. మోడరేటరు చేతికి టిక్కు ఇవ్వాలన్న నీలిసిరా గారి ఆలోచన వెనుక ఉన్న అవసరం దీనితో చాలావరకు తీరుతుంది.

నీలిసిరా

మా వాళ్ళ ముందు పెట్టడానికి ఇప్పటిదాకా వచ్చిన మాటలతో ఒక ముసాయిదా సిద్ధం చేశాను. టిక్కు పెట్టే హక్కు అడిగినవారికి మాత్రమే ఉంటుంది, ప్రశ్న వేసిన ఇరవై నాలుగు గంటల తర్వాతే అది పని చేస్తుంది. మోడరేటర్లు టిక్కు పెట్టరు, తీయరు. వరుస ఓట్లను బట్టి ఉంటుంది, టిక్కు పడిన సమాధానం ఆ వరుసలో ఎక్కడ వస్తే అక్కడే ఉంటుంది. టిక్కు మీద ఉత్తమ సమాధానం అన్న మాట తీసేసి, "అడిగినవారికి పనికొచ్చింది" అని రాసి, పక్కనే నెల, సంవత్సరం అంతే పెద్ద అక్షరాల్లో చూపిస్తాము. సమాధానం రాసినవారు తమ టిక్కును వదులుకోవచ్చు. టిక్కుకు పాయింట్లు ఉండవు.

వడ్రంగిపిట్ట

చివరి వాక్యం తప్ప మిగిలినవన్నీ నాకు సమ్మతమే. పాయింట్లు పూర్తిగా తీసేస్తే టిక్కును వదులుకోవడానికి ఏ అడ్డూ ఉండదు, అది బాగానే ఉంది. కానీ ఎవరూ పెద్దగా చదవని ట్యాగుల్లో, అంటే విషయ విభాగాల్లో, ఒక్క ఓటు కూడా రాని చోట, ఓపికగా రాసేవారు ఉంటారు. అటువంటి సమాధానానికి వచ్చే గుర్తింపు అడిగినవారు పెట్టే టిక్కు ఒక్కటే. ఓట్లు లేని టిక్కులు ఎక్కువగా తెచ్చుకున్నవారికి స్టాక్ ఓవర్‌ఫ్లోలో బ్యాడ్జీలు ఉన్నాయి, వారు ఎంతోమంది ఉంటారు కాబట్టే ఉన్నాయి. ఆ పాయింట్లను తీసేస్తే, బాగా జనం తిరిగే ట్యాగుల్లో రాసేవారికి ఏమీ పోదు, వీరికి ఉన్నదంతా పోతుంది.

కొసమెరుపు

అది నేను ఆలోచించని కోణం. అయితే మధ్యేమార్గంగా, టిక్కుకు ఒక్క ఓటుతో సమానమైన పాయింట్లు పెట్టండి, అంతకు మించి వద్దు. సాక్షి కూడా ఒక పాఠకుడే కదా. టిక్కు అడుగుతూ పెట్టే వ్యాఖ్యలను మాత్రం కనిపించిన వెంటనే తొలగించే నియమం ఉండాలి, అది మోడరేటర్లు చేయగల పనే.

బావిగిలక

చేయగలము, సంతోషంగా చేస్తాము. నీలిసిరా గారూ, ముసాయిదాలో ఒక ఖాళీ ఉంది. రెండు సమాధానాలకు ఓట్లు సమానంగా వచ్చి, వాటిలో ఒకదానికి టిక్కు ఉంటే ఏది పైన ఉండాలో రాయలేదు. కొత్త సైటులో ఓట్లు తక్కువగా ఉంటాయి కాబట్టి, ఒకటికి ఒకటి, సున్నాకు సున్నా అన్న పరిస్థితి రోజూ ఎదురవుతుంది.

నీలిసిరా

ఓట్లు సమానమైనప్పుడు టిక్కు ఉన్నదే పైన ఉంటుందని చేరుస్తున్నాను. టిక్కుకు ఒక ఓటు విలువ అన్న కొసమెరుపు గారి సూచనను కూడా రెండు రకాలుగా రాసి మా వాళ్ళ ముందు పెడతాను, ఎందుకంటే దాని మీద మాలో ఇద్దరు ఇప్పటికే వాదనకు దిగారు.